గాలిమరకి గడి లేదు

"అంకుల్, దీన్ని దేని కింద వేద్దాం?" అంది ఎల్‌టీపీ అమ్మాయి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి.

మా ఇంటి ఆవరణలో గాలిమర నిలబెట్టడానికి అనుమతి కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నాం. ఎల్‌టీపీ అంటే ప్లాన్లు గీసి ఇలాంటి దరఖాస్తులు పెట్టే లైసెన్సు ఉన్నవాళ్లు. నిర్మాణం ఏ రకమో ఎంచుకోవాల్సిన చోట ఆమె కిందికి లాగుతూ పోయింది. ఇల్లు, దుకాణం, గోదాము, బడి, ఆసుపత్రి. అడుగుదాకా వెళ్లి మళ్లీ పైకొచ్చింది. గాలిమర లేదు. "ఇతరములు అని ఉంటుంది చూడమ్మా" అన్నాను. ముప్పై ఆరేళ్లు ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ పని చేసి దిగినవాణ్ని, ఎన్నో ఫారాలు నింపాను. 'ఇతరములు' లేని ఫారం నేనింతవరకు చూడలేదు.

"ఉంది అంకుల్. నొక్కితే ఎన్ని అంతస్తులని అడుగుతోంది."

సున్నా కొడితే తీసుకోలేదు. ఒకటి కొడితే మెట్ల వెడల్పు అడిగింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఇది 2024 ఫిబ్రవరి మాట. ఆ నవ్వు ఖరీదు ఒక ఏడాది అని అప్పటికి తెలీదు.

అసలీ పిచ్చి నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత లెక్కలు చెప్పారు గానీ, ఆ రోజు క్వార్టర్‌లో తలుపుకి మంచం అడ్డం పెట్టి, మంచానికి మేం అడ్డం కూర్చున్నవాళ్లకి లెక్క అక్కర్లేదు. కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయిన రంగుకి తిరిగింది. కరెంటు లేక, నీళ్ల మోటారు ఆడక, ఫోన్ చార్జింగు కోసం జనరేటరు ఉన్న కొట్టు ముందు నిలబడ్డ రోజులవి. కరెంటు మనిషినై ఉండి కొవ్వొత్తి దగ్గర కూర్చున్నాను. గాలి తీసుకుపోయిన కరెంటు గాలితోనే తెచ్చుకోకపోతే నా ఉద్యోగం ఎందుకని అప్పుడే అనుకున్నాను. ఆ ఆలోచనలో ఎంత తెలివితక్కువతనం ఉందో పదేళ్లకి గానీ తెలియలేదు.

రిటైరయ్యాక భీమిలిలో ఇల్లు కట్టుకున్నాం. నలభై అరవై స్థలం, అంటే 267 గజాలు. పడమటి వైపు కొండ, తూర్పున ఊరు దాటాక సముద్రం. ఆగ్నేయ మూల ఖాళీగా వదిలాను, మా ఆవిడ తులసికోటకని అనుకుంది. నేను గాలిమరకని అనుకున్నాను. ఒక డీలరు దగ్గర కిలోవాట్ మర బేరమాడాను. రెక్కలు తిరిగే చక్రం 2.4 మీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఇనప గడ, బ్యాటరీలతో కలిపి లక్షా ఎనభై వేలు. "వైజాగ్‌లో గాలికేం సార్, సముద్రం పక్కనే కదా" అన్నాడు. నాకూ అదే మాట ముద్దొచ్చింది.

ఇక ఎవరిని అడగాలి అన్నది ప్రశ్న. మన రాష్ట్రంలో గాలి కరెంటు కొత్తదేం కాదు. అప్పటి అనంతపురం జిల్లా రామగిరి దగ్గర మరలు 1990ల్లోనే తిరిగాయి. ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద 4 వేల మెగావాట్ల పైచిలుకు ఉంది, దాదాపు అంతా రాయలసీమదే. ఉరవకొండ వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా ఆ తెల్లటి కంబాలు నెమ్మదిగా తిరుగుతూ కనిపిస్తాయి. నెమ్మదిగా అనుకుంటాం గానీ రెక్క కొస వేగం చాలా ఎక్కువ. వాటి వ్యవహారం రాష్ట్ర ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ చూస్తుంది. అక్కడ మాట మెగావాట్లలో ఉంటుంది. నా కిలోవాట్ అందులో వెయ్యో వంతు. ఏనుగుల సంతకి కోడిపిల్లను పట్టుకెళ్లినట్టయింది నా పని.

కేంద్రంలో కొత్త, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ వాళ్లు గాలి ప్రాజెక్టులు ఎక్కడ పెట్టాలో, ఎంత దూరంలో పెట్టాలో 2016 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చారు. వాటిని నాకంటే ముందు చదివింది పక్కింటి పిన్ని మనవడు. ఇంజనీరింగు మూడో ఏడాది కుర్రాడు. ఓ సాయంత్రం ప్రింటు తీసి గోడ మీంచి ఇచ్చాడు. "తాతగారూ, ఇళ్లకి 500 మీటర్ల లోపు పెట్టకూడదట. చప్పుడు వస్తుందని."

చదివాను. నిజమే. అయితే ఆ లెక్కన నా ఇల్లూ ఇల్లే కదా? నా మర నా ఇంటికి అర కిలోమీటరు అవతల ఉండాలి, అంటే సముద్రం వైపు వెళ్తే ఇంకాస్త దూరంలో బీచ్‌లో పెట్టాలి. అవి పెద్ద ప్రాజెక్టులకి రాసినవి, ఇంటి మరకి కాదని వాడికి చెప్పాను. "మరి ఇంటి మరకి రాసింది ఏది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రూలు లేకపోతే అడ్డం ఉండదనుకుంటాం. తిరిగి చూస్తే తెలుస్తుంది, రూలు లేని చోట ప్రతివాళ్లూ పక్కవాడి సంతకం తెమ్మంటారు. వాళ్ల తప్పు కూడా కాదు. రేపు ఏదైనా జరిగితే ఏ క్లాజు చూపించి బయటపడాలో వాళ్లకి తెలియాలి కదా.

ఆ కాగితంలోనే ఇంకో సూత్రం ఉంది, అది మాత్రం నా మనసులో పడింది. రోడ్లు, రైలు పట్టాలు, భవనాలు, హైటెన్షన్ లైన్ల నుంచి మర ఉండాల్సిన దూరం: రెక్కల మధ్య బొడ్డు ఎత్తు, దానికి రెక్కల వ్యాసంలో సగం, ఆ పైన ఇంకో 5 మీటర్లు. అంటే మర నిలువునా పడిపోయినా, కొస రెక్క కూడా ఎవరి మీదా పడకుండా చిన్న జాగా మిగలాలన్నమాట. చట్టం సంగతి ఎలా ఉన్నా ఇది న్యాయమైన లెక్క. నా మరకి వేశాను. 12 కి 1.2, దానికి 5. మొత్తం 18.2 మీటర్లు.

కాగితం మీద 18.2 పెద్దగా అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే పెద్ద బజారులో నైలాన్ తాడు కొని, 18.2 మీటర్ల దగ్గర ముడి వేసి, ఆగ్నేయ మూలలో మేకు పాతి, ఒక కొస దానికి కట్టాను. రెండో కొస పట్టుకుని నడిచాను. ఉత్తరం వైపు మా వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి వెళ్లాను. పాలబండి అతను బ్రేకు వేసి నిలబడ్డాడు. పడమటి వైపు తాడు మా ఇంటి గోడకి తగిలి ఆగింది. దక్షిణం వైపు పిన్ని ప్రహరీ మీదుగా తాడు వదిలి, చుట్టూ తిరిగి వాళ్ల గేటులోంచి లోపలికి వెళ్లి అందుకున్నాను. లాగుతూ పోతే వాళ్ల నుయ్యి దాటింది, వంటగది మెట్టు దాటింది, పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ముడి ఆగింది.

పిన్ని బియ్యం చెరుగుతూ చూస్తోంది. డెబ్భై దాటిన మనిషి. "ఏటి బాబూ, పొద్దున్నే తాడట్టుకుని మా ఇల్లు కొలుత్తన్నావు? బేరం పెట్టినావేటి?"

చెప్పాను. మర పడితే ఎక్కడిదాకా వస్తుందో చూస్తున్నానన్నాను. చేట కింద పెట్టేసింది. "ఉదుదు తుఫాను నాడు ఎవరిదో రేకు ఎగిరొచ్చి మా నూతి గిలక ఇరిసేసింది. ఆ రేకు ఎవరిదో ఇప్పటికీ తెల్దు. ఇది ఎవరిదో మట్టుకు తెలుత్తది."

కోపంగా అన్నది కాదు. ఉన్నమాట చెప్పింది. నేను చప్పుడు గురించి, రెక్కల నీడ ఆడడం గురించి బోలెడు చదువుకుని జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. వాటి గురించి ఆవిడ ఒక్క మాటా అడగలేదు.

మా అమ్మాయి ఇంగ్లాండులో ఉంటోంది. ఆదివారం ఫోన్‌లో ఈ తాడు కథ చెబితే, "ఇక్కడ ఇంటి మరలకి వేరే రూలు ఉంది నాన్నా, పంపిస్తా ఉండు" అంది. పంపింది. అసలు అక్కడి కథే ఒక తమాషా. 2015 జూన్‌లో అక్కడి ప్రభుత్వం, స్థానిక ప్రణాళికలో గాలికి తగిన చోటని ముందే గుర్తించిన జాగాలోనే మర పెట్టాలి, అదీ చుట్టుపక్కల జనం లేవనెత్తిన అభ్యంతరాలన్నీ తీరాకే అంది. మాటకి బాగానే ఉంది. ఊళ్లో ఒక్కరు కాదన్నా ఫైలు ముందుకి కదిలేది కాదు. ఇంగ్లాండులో నేల మీద కొత్త మరలు దాదాపు ఆగిపోయాయి. 2023లో కాస్త సడలించారు. 2024 జులైలో, నేను ఇక్కడ తాడు పట్టుకుని తిరుగుతున్న ఏడాదే, కొత్త ప్రభుత్వం వచ్చిన వారంలోపు ఆ షరతు ఎత్తేశారు. మనకి క్లాజు లేక ఆగింది, వాళ్లకి క్లాజు ఉండి ఆగింది.

అవి పెద్ద మరల సంగతి. ఇంటి మరకి మాత్రం వాళ్ల దగ్గర లెక్క సూటిగా ఉంది. నేల మీద విడిగా నిలబెట్టే మర మొత్తం ఎత్తు, రెక్క కొసతో కలిపి, 11.1 మీటర్లు దాటకూడదు. రెక్కలు ఊడ్చే వైశాల్యం 3.8 చదరపు మీటర్లు మించకూడదు. రెక్క కింది కొస నేలకి 5 మీటర్లపైన ఉండాలి. హద్దు నుంచి దూరం, మర ఎత్తుకి పదో వంతు కలిపినంత ఉండాలి. ఇవన్నీ కుదిరితే, విమానాల దారి లాంటి అడ్డాలు లేకపోతే, ప్లానింగ్ అనుమతి కోసం దరఖాస్తే అక్కర్లేదు.

ఎల్‌టీపీ అమ్మాయికి చూపిస్తే ఆమె కళ్లు మెరిశాయి. "ఇలా నాలుగు లైన్లు మనకీ ఉంటే నా పని అయిపోను అంకుల్." వెంటనే నా స్థలానికి వేసి చూసింది. 11.1 మీటర్ల మరకి నాలుగు పక్కలా 12.2 మీటర్లు కావాలి. అంటే ఎటు చూసినా 80 అడుగుల స్థలం, 711 గజాలు. నా దగ్గర ఉన్న వెడల్పు 40 అడుగులు. సరిగ్గా మధ్యలో, అంటే మా హాల్లో టీవీ ఉన్న చోట, నిలబెట్టినా ఐదున్నర మీటర్లకి మించి లేపకూడదు. రెక్క కింద 5 మీటర్లు వదలాలి కాబట్టి మిగిలిన అర మీటరులో ఏ మర తిరుగుతుంది? మా మనవరాలు తిరునాళ్లలో కొనుక్కునే కాగితపు గాలిపంకా ఒక్కటే. నా మర రెక్కల వైశాల్యం నాలుగున్నర చదరపు మీటర్లు, అదీ ఎక్కువే. అడగకుండానే పెట్టుకోవచ్చన్న దేశంలో కూడా నేను పెట్టుకోలేను.

అయినా మొండితనం. మిగతావి కూడా చూద్దామన్నాను.

కోస్తా నియంత్రణ గురించి ఊళ్లో అందరికీ సగం సగం తెలుసు. సముద్రానికి 500 మీటర్ల లోపు అంటే ఆ నిబంధన కిందికి వస్తుంది. నేను మళ్లీ టేపు తీయబోతే ఎల్‌టీపీ అమ్మాయి ఆపింది. కొలవాల్సింది అల దగ్గర నుంచి కాదు, పోటు రేఖ నుంచి. ఆ రేఖ ఎక్కడుందో తీరప్రాంత మ్యాపుల్లో గీసి ఉంటుంది, మన కంటికి కనబడినది చెల్లదు. మా స్థలం దానికి 600 మీటర్ల పైనే ఉంది. బతికాం అనుకుంటే, "గోస్తనీ?" అంది. నది సముద్రంలో కలిసే చోట పోటు నీళ్లు లోపలికి వస్తాయి కాబట్టి దాని గట్టు కూడా లెక్కలోకే వస్తుంది. 2011 నోటిఫికేషన్‌లో ఆ గట్టు వెంట 100 మీటర్లు ఉండేది, 2019లో 50కి తగ్గించారు, ఏరు వెడల్పు అంతకన్నా తక్కువైతే ఆ వెడల్పు. నదిలో ఎక్కడిదాకా అంటారా, నడివేసవిలో లీటరుకి ఐదు గ్రాముల ఉప్పు ఉన్నంత దూరం. ఈ ఉప్పు లెక్క నాకెంతో నచ్చింది. కాగితం మీద గీసిన గీత కన్నా నాలుక మీద ఆనేది నయం. అదీ మాకు తగల్లేదు. అసలీ నిబంధనలో గాలి, ఎండ లాంటి వాటితో కరెంటు తీసే ఏర్పాట్లకి కొంత దారి కూడా ఉంది. ఆ దారి మాకు అవసరం పడలేదు.

విమానాల దగ్గర నా పరువు పోయింది. పాత విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా, మాకు 20 కిలోమీటర్లు దాటి ఉంది. కానీ భోగాపురం కొత్త విమానాశ్రయం 20 లోపే. ముందు జాగ్రత్తకి వివరాలు నింపుదామని కూర్చున్నాం. అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇవ్వాలి. నేను ఫోన్‌లో వచ్చిన దశాంశాల అంకెను అలాగే సెకన్లనుకుని రాశాను. మా గాలిమర వెళ్లి సముద్రంలో పడింది, మ్యాపులో. తర్వాత ఎత్తు. నేలకి పైన ఎంతో అది కాదు, సముద్ర మట్టానికి పైన నేల ఎంతో అది వేరు, గడ ఎంతో అది వేరు, మొత్తం వేరు. నేను మూడు చోట్లా 12 అని రాశాను. ఎల్‌టీపీ అమ్మాయి పెద్దగా ఏమీ అనలేదు. "అంకుల్, మీరు చెప్పండి, నేను టైపు చేస్తా" అని కీబోర్డు తన వైపు లాక్కుంది.

తీరా చూస్తే భయం అక్కర్లేదు. రన్‌వే చుట్టూ నాలుగు కిలోమీటర్ల దాకా ఏ కట్టడమూ దాటకూడదని గాలిలో ఊహించుకునే తలం 45 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడి నుంచి అంచు పైకి లేస్తూ పోతుంది, ఆ తర్వాత 15 కిలోమీటర్ల దాకా 150 మీటర్లు. సముద్ర మట్టం నుంచి లెక్కేసినా మా గడ కొస 40 కూడా రాదు. అందరికన్నా విమానాలే నాతో ఉదారంగా ఉన్నాయి.

కరెంటు లైనుకి కలపడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంట్లో తయారై మిగిలిన కరెంటు లైనుకిచ్చి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్ నిబంధన పేరులోనే సోలార్ రూఫ్‌టాప్ అని ఉంది. గాలికి ఆ దారి అనుకూలం కాదని నాకే అర్థమై, లైనుకి కలపకుండా బ్యాటరీకే పెట్టుకుందామని మొదట్లోనే తేల్చుకున్నాను.

నన్ను నిజంగా ఆపింది స్ట్రక్చరల్ ఇంజనీరు. గడకి పునాది డిజైను మీద ఆయన సంతకం ఉంటే తప్ప ఫైలు కదలదు, కదలకూడదు కూడా. నాకన్నా చిన్నవాడే. కాగితం మీద రెండే అంకెలు వేశాడు. "మేస్టారూ, కట్టడాల మీద గాలి ఒత్తిడికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. దాన్ని దానితోనే హెచ్చించి 0.6 తో గుణించండి." గుణించాను. 1500. చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల బరువు. "మీ గుమ్మం తలుపు రెండు చదరపు మీటర్లు. తుఫానులో దాని మీద మూడొందల కిలోలు ఆనుకుని ఉంటాయి. ఇప్పుడు ఆ తలుపుని పన్నెండు మీటర్ల కర్ర చివర కట్టండి."

హుద్‌హుద్ నాడు మంచం అడ్డం పెట్టిన తలుపు గుర్తొచ్చింది. మంచం, నేను, మా ఆవిడ, అమ్మాయి. మూడొందల కిలోలంటే అప్పుడు మేం కాచుకున్నదేనేమో.

దానికి తగిన పునాది గొయ్యి, నాలుగు వైపులా లాగి కట్టే ఉక్కు తాళ్లు, ఆ తాళ్లకి నేలలో దిమ్మలు. తాళ్లలో రెండు పిన్ని పెరట్లో, ఒకటి పాతకాలపు కాలువ మీద పడుతున్నాయి. తాళ్లు వద్దంటే గడ లావు పెరుగుతుంది, పునాది పెరుగుతుంది, పునాది ఖర్చు మరని మించిపోతుంది. పోనీ ఎత్తు తగ్గించుకోమన్నాడు.

ఎత్తు తగ్గిస్తే గాలి ఉండదు. ఇక్కడే అసలు ముడి. అప్పటికి నేను నాలుగు నెలలుగా గాలిని కొలుస్తున్నాను, ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

డీలరు మాట నమ్మకుండా కొలుద్దామని నాకు తోచడం ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. గాలి వేగం కొలిచే మూడు గిన్నెల అనెమోమీటరు, దిక్కు చూపే తోక, అంకెలు దాచుకునే చిన్న పెట్టె కొన్నాను. ఆగ్నేయ మూలలోనే 9 మీటర్ల జీఐ పైపు లేపాను. అడుగున కీలు పెట్టించి, కప్పీతో దించేలా చేశాను. పిన్ని ఒప్పుకుంది, ఒకే షరతు మీద: "తుఫానన్న మాట టీవీలో ఇనపడితే దించేయాల. నీ సొంతానికి ఆలోసించకు."

గాలి కరెంటులో ఒక క్రూరమైన లెక్క ఉంది. గాలి వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. వినడానికి వరంలా ఉంటుంది, తిప్పి చూస్తే శాపం. నా కిలోవాట్ మర ఆ కిలోవాట్ ఇచ్చేది సెకనుకి 12 మీటర్ల గాలిలో. 12 లో మూడో వంతు, అంటే 4 మీటర్ల గాలిలో ఎంత ఇస్తుంది? మూడో వంతు అనుకుంటాం. ఇరవై ఏడో వంతు. 37 వాట్లు. ఒక ట్యూబులైటు.

ప్రతి రాత్రి భోజనం అయ్యాక అంకెలు పుస్తకంలో ఎక్కించేవాణ్ని. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఆరు వరకు సముద్రపు గాలి చక్కగా సెకనుకి ఐదు మీటర్లకి అటూ ఇటూ ఉండేది. ఆ గంటల్లో గిన్నెలు తిరుగుతుంటే కుర్చీ వేసుకుని కింద కూర్చుని చూసేవాణ్ని, మా ఆవిడ టీ అక్కడికే తెచ్చేది. చీకటి పడితే గాలి పడుకునేది. రెండు లోపు. కరెంటు పోయినప్పుడు నాకు దీపం కావాల్సింది ఆ వేళలోనే. జూన్‌లో నైరుతి వస్తే ఉరవకొండలో మరలన్నీ ఉరకలెత్తుతాయి, ఇక్కడ కూడా వస్తుందని ఆశపడ్డాను. వచ్చింది, కానీ పడమటి కొండ దాటి, ముక్కలు ముక్కలై. తోక ఒక్క నిమిషం ఒక దిక్కున నిలబడలేదు. అలాంటి గాలిలో మర తిరగడం కన్నా తల ఊపడమే ఎక్కువ, బేరింగులకి చేటు.

చిన్న మర పెట్టేవాళ్లు పాటించే ఒక మాట ఉంది. చుట్టూ వంద మీటర్లలో ఏది ఎత్తుగా ఉందో దానికి పది మీటర్లు పైన ఉండాలి రెక్కలు. పిన్ని కొబ్బరిచెట్లు పన్నెండు, పదమూడు మీటర్లు. అంటే నాకు కావాల్సింది 12 మీటర్ల గడ కాదు, 23 మీటర్లది. గాలి ఇంకా పైకి రమ్మంటోంది. పునాది కిందికి దిగమంటోంది. తాడు పిన్ని ఇల్లు దాటి అవతలి వీధిలోకి వెళ్తోంది.

"అంకుల్, మీకు కావాల్సింది ఎత్తు. అందరూ వద్దనేదీ ఆ ఎత్తే" అంది ఎల్‌టీపీ అమ్మాయి. ఏ మార్గదర్శకంలోనూ ఇంత చిన్న వాక్యం లేదు.

2025 జనవరి చివర ఏడాది లెక్క కట్టాను. సగటు సెకనుకి 3.2 మీటర్లు. మర మీద వేస్తే రోజుకి ముప్పావు యూనిట్. లక్షా ఎనభై వేలకి, పునాది ఖర్చు పక్కన పెడితే, రోజుకి ముప్పావు యూనిట్. మా మిద్దె మీద కిలోవాట్ సోలార్ పలకలు రోజుకి నాలుగు యూనిట్లు ఇస్తాయి, ఏ తాడూ అక్కర్లేకుండా. డీలరుకి ఫోన్ చేసి అంకెలు చెప్పాను. "సార్, మీ మీటరు సరిగ్గా లేదేమో" అన్నాడు. అడ్వాన్సులో సగం తిరిగిచ్చాడు, మిగతా సగం ఇప్పటికీ ఇస్తూనే ఉన్నాడు.

'ఇతరములు' కింద వేసిన ఆ దరఖాస్తుకి అప్పటికి షార్ట్‌ఫాల్, అంటే ఇంకా ఇవ్వాల్సిన కాగితాల జాబితా, వచ్చి ఉంది. నిర్మాణ భద్రత పత్రం, పొరుగువారి సమ్మతి, అడిగినప్పుడు తొలగిస్తానని స్టాంపు కాగితం మీద హామీ. మూడూ అడగదగినవే, నేనే ఆ కుర్చీలో ఉంటే నేనూ అవే అడిగేవాణ్ని. వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇచ్చాను. అది తీసుకున్న గుమాస్తా, "పోనీలెండి సార్, మాకూ దీన్నేం చేయాలో తెలీక చూస్తున్నాం" అన్నాడు. హాయిగా అనిపించింది ఆ మాట.

మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాను. పీఎం సూర్యఘర్ కింద 78 వేల సబ్సిడీ పడింది. ఒక సంగతి మాత్రం కొత్తగా పెట్టించుకునేవాళ్లకి చెప్పాలి. లైనుకి కలిపిన మామూలు సోలార్, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది, ఎర్రటి ఎండలో కూడా. లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకూడదని అలా పెడతారు. నేనే అలాంటి లైన్ల మీద పనిచేసినవాణ్ని, అది సరైన పనే. కానీ నా మొదటి కోరిక తుఫాను తర్వాతి దీపం కదా. అందుకని హైబ్రిడ్ ఇన్వర్టరు, చిన్న బ్యాటరీ అదనంగా వేయించాను. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్లు. మోటారు లాగదు. నూతిలో చేద వేసుకోవాలి, పిన్ని దగ్గర గిలక ఉంది.

గడ మాత్రం తీయలేదు. గిన్నెలు తిరుగుతుంటే చూడ్డం అలవాటైపోయింది. 2025 అక్టోబర్‌లో మొంథా వస్తోందని టీవీలో వినగానే, నేను లేచేలోపే పిన్ని గోడ దగ్గర నిలబడి ఉంది. "దించు బాబూ." మనవడు కప్పీ పట్టుకున్నాడు, నేను కీలు దగ్గర కూర్చున్నాను. ఆవిడ అటు ఇటు అని చేత్తో చెబుతూ తొమ్మిది మీటర్లూ నెమ్మదిగా ప్రహరీ వారకి పడుకోబెట్టించింది. గిన్నెలకి గోనెసంచి చుట్టాం. 28 రాత్రి తుఫాను మాకు దక్షిణంగా, నరసాపురం వైపు తీరం దాటింది. మాకు వాన, హోరు, పన్నెండు గంటలు కరెంటు లేకపోవడం. నాలుగు లైట్లూ వెలిగాయి. పిన్ని ఇంటికి ఒక వైరు లాగి ఇచ్చాను.

మొన్నామధ్య ఎల్‌టీపీ అమ్మాయి ఫోన్ చేసింది. రుషికొండ వైపు ఎవరో గాలిమర పెట్టుకుంటామని వచ్చారట. "మీ ఫైలు ఒకసారి ఇస్తారా అంకుల్?"

ఇస్తానన్నాను. "ముందు గడ ఎంత ఎత్తో అడిగి, దానికి తగ్గ తాడు కొనుక్కురమ్మను. కొలిచేటప్పుడు పక్కింటివాళ్లు ఇంట్లో ఉండేలా చూసుకోమను."